డొంక పరుగులో ఆఖరి మనిషి

నా చెప్పులు వారం రోజులుగా గుమ్మం పక్కన పడి ఉన్నాయి. అడుగున నల్లరేగడి మందంగా పట్టి, ఎండి, బీటలు తీసింది. మా ఆవిడ బకెట్టు నీళ్లు తెచ్చి కడగబోతే వద్దన్నాను. నల్లరేగడి నీళ్లకు వదలదు, ఇంకా జిగురెక్కుతుంది. పత్తి కట్టెతో గీకాలి. మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ల వైపుకి గీకాలి. అలా గీకడం నాకు నేర్పిన మనిషిని పాతిపెట్టిన రోజు అంటిన మట్టి అది. భూస్థాపన చేశారని పేటలో అంటారు. నాకు మెత్తటి మాటలు చేతకావు. పాతిపెట్టాం.

ఆమె డ్రిల్లు టీచరు. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట, పత్తి, మిర్చి తప్ప వేరే మాట వినపడని ఒక ఊళ్లో హైస్కూలు పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టి రిటైరైంది. ఇల్లు ఊరి దక్షిణాన దళిత క్రైస్తవుల పేటలో. పొట్టి మనిషి. మెడలో నల్లదారానికి విజిల్ వేలాడేది. రిటైరైనా తీయలేదు, ఆదివారం చర్చికి కూడా దానితోనే వెళ్లేది. అయితే దాన్ని ఊదడం తక్కువ. పెదాల మధ్య పెట్టుకుని ఊరికే మన వైపు చూసేది. మనం చేస్తున్న తప్పేదో మనకే గుర్తొచ్చేది.

మొదటిసారి నేనా ఊరు వెళ్లింది బాబాల మోసాల మీద మాట్లాడడానికి. గ్రంథాలయం అరుగు మీద నిలబడి, గాల్లోంచి విభూతి తీసి చూపించి, అదెలా తీశానో విడమరిచి చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నేను సంచీ సర్దుకుంటుంటే ఈవిడ వచ్చింది.

"చేతిలోకి బూడిద ఎట్లా వచ్చిందో చూపించారు గదండీ. బాగుంది. మా ఊళ్లో డొంక మాయమైపోతోంది. అదెట్లా మాయమవుతోందో కూడా చూపించండి, నాస్తికుడు గారూ."

నాకు ఆ పేరు ఆమె పెట్టిందే. చివరిదాకా అలాగే పిలిచింది.

డొంకంటే చేల మధ్య బండ్లు పోవడానికి పాతకాలం వాళ్లు వదిలిన మట్టిదారి. ఒకప్పుడు ఎదురుబొదురుగా రెండు బండ్లు వచ్చినా తప్పుకునేంత వెడల్పు ఉండేదట. పేట నుంచి సమాధుల దొడ్డికి అదొక్కటే దారి. ప్రతి తొలకరికీ పక్క చేను వాళ్లు ఒక్క సాలు లోపలికి దున్నుతారు. ఒక్క సాలే కదా, ఎవరు అడుగుతారు? మరుసటేడు ఇంకొక సాలు. విభూతి బాబా కన్నా నిదానంగా, ఇంకా నేర్పుగా చేసే మాయ ఇది. ఆమె నన్ను ఆ డొంక వెంట నడిపించి, ఒక మలుపు దగ్గర ఆగింది.

"ఇక్కడండీ. మా అమ్మ పోయిన ఏడు ఇక్కడికొచ్చేసరికి డొంక లేదు. పత్తి మొలిచి ఉంది. వాన పడి ఉంది. గట్టు మీదుగా పోయారు. గట్టు మీద నలుగురు ఎట్లా మోస్తారు? ముందొకడు, వెనకొకడు. వెనక మా తమ్ముడు. వాడి కాలు జారింది. పెట్టె పడలేదు లెండి, పట్టుకున్నాడు. కానీ..."

విజిల్‌ని బొటనవేలితో రుద్దుకుంది.

"లోపల మా అమ్మ ఒక పక్కకి జారిన చప్పుడు విన్నానండీ. బరువు మనిషి కాదు. చిన్న చప్పుడే."

చచ్చినా కులం వదలని దేశం మనదని నేను ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో లెక్క లేదు. ఆ రోజు ఆ ఉపన్యాసం ఎత్తుకోలేదు. నాకు తెలిసిన పని ఇంకొక్కటే గనక, అర్జీ రాద్దామన్నాను.

"రాశామండీ. వచ్చారు, కొలిచారు, రాళ్లు పాతారు. వానలు రాగానే రాళ్లు లేవు. మీరు ఇంకోటి రాయండి, వద్దనను. నేను మాత్రం పరిగెత్తిస్తాను. రాయినైతే పీకుతారు. ఊరంతా తొక్కి గట్టిపడిన నేలని ఏం పీకుతారు?"

డొంక పరుగు అలా పుట్టింది. దానికి సంఘం లేదు, బ్యానరు లేదు, ముఖ్య అతిథి లేడు. తొలి వాన పడి దుక్కులు మొదలయ్యే వారంలో ఆమె సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. "ఎల్లుండి పొద్దున్నే డొంకలో పరుగు. కాళ్లున్న వాళ్లంతా రండి." పేట దగ్గర బయల్దేరి, సమాధుల దొడ్డి గోడ ముట్టుకుని, వాగు దాకా పోయి, తిరిగి స్కూలు మైదానానికి రావాలి. స్కూలు పిల్లలు, చీర దోపుకున్న కూలి ఆడవాళ్లు, ఆటో తోలే కుర్రాళ్లు వచ్చేవాళ్లు. ఒక ఏడు రామాలయం పూజారి కూడా పంచె ఎగ్గట్టి వచ్చాడు. దొడ్డి గోడ దగ్గర మాత్రం తటపటాయించాడు.

"టీచరు గారూ, ముట్టుకున్నట్టే అనుకోండి. మళ్లీ ఇంటికెళ్లి స్నానం చెయ్యాలి."

"స్నానం మీ ఇష్టమండీ. గోడ మాత్రం ముట్టుకోవాలి."

ముట్టుకున్నాడు. నా ఉపన్యాసాలకు కదలని మనిషి అంత తేలిగ్గా కదిలినందుకు నాకు కాస్త కడుపు మండింది కూడా.

బయల్దేరే ముందు ప్రార్థన చెయ్యాలని ఆమె పట్టు. నలుగురి పనిలో దేవుడి పెత్తనం ఏమిటని నా పట్టు. చివరికి ఆమే తీర్పు చెప్పింది. "ఒక్క నిమిషం అందరూ తల దించండి. దేవుడున్న వాళ్లు ప్రార్థన చేసుకోండి. లేని వాళ్లు పిక్కలు సవరించుకోండి." ఆ నిమిషం నేను పిక్కలే సవరించుకునేవాణ్ణి. ఆమె ఒక కన్ను తెరిచి చూసి నవ్వేది.

మా పరుగు సంగతి ఎలా పొక్కిందో, తాడేపల్లి నుంచి ఒక ఇంజినీరు కుర్రాడు నలుగురు స్నేహితుల్ని కారులో వేసుకొచ్చాడు. రంగురంగుల బూట్లు, మణికట్టుకి గడియారాలు. వాగు చేరకముందే అతని బూటొకటి రేగడిలో దిగబడి కాలు మాత్రం బయటికొచ్చింది. ఆమె పత్తి కట్టె అందించింది.

"మేడం, ఈవెంట్ సూపర్. జనవరికి మార్చండి. క్లైమేట్ బాగుంటుంది, మా బ్యాచ్ మొత్తం వస్తాం."

"రండి బాబూ, జనవరిలో కూడా రండి. కానీ జనవరిలో డొంక ఎవడూ దున్నడు గదా!"

కుర్రాడికి అర్థం కాలేదు. ఆమె అతన్ని ఆ మలుపు దాకా నడిపించి తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు బూట్లు అతని చేతిలో ఉన్నాయి.

ఆమె ఎప్పుడూ అందరికంటే వెనక వచ్చేది. అది వయసు వల్ల కాదు. మోకాళ్ల నొప్పులతో కుంటే ముసలమ్మ పక్కన నడుస్తూ విత్తనాల ధరల గురించి మాట్లాడేది. "తొందరేం లేదమ్మా. నీ వెనక నేనున్నా." స్కూల్లో గుండిగ నిండా ఉప్మా సిద్ధంగా ఉండేది. ఆఖరి మనిషి వచ్చేదాకా మూత తీయకూడదన్నది ఆమె పెట్టిన ఒకే ఒక్క నియమం. ముందొచ్చిన వాళ్లు గేటు ఎక్కి అరిచేవాళ్లు.

"టీచరమ్మా, ఉప్మా గడ్డకట్టిపోతంది! పరిగెత్తు!"

"గడ్డకడితే కోసుకు తిందాం!" అని డొంకలోంచి కేకేసేది.

మొదటి ఏడు జరిగిన గొడవ చెప్పాలి. దారి తప్పకుండా మలుపుల దగ్గర పిడుగురాళ్ల సున్నంతో బాణం గుర్తులు వేశాం. తుమ్మ కొమ్మలకు ఎర్ర పీలికలు కట్టాం. ఆ పెద్ద మలుపు దగ్గర నిమ్మకాయ చెక్కలకు ఉప్పు రాసి, పరిగెత్తే వాళ్ల చేతిలో పెట్టాం. చీకిన చెక్కలు అక్కడే పారేశారు. తెల్లారి పత్తి గింజలు పెట్టడానికి వచ్చిన కూలీలు చూశారు. ముక్కోణంగా సున్నపు గీతలు, ఎర్ర గుడ్డ, చుట్టూ నిమ్మచెక్కలు. ఒక్కరంటే ఒక్కరు చేలో కాలు పెట్టలేదు. చేను ఆసామి లబోదిబోమంటూ టీచరు ఇంటికొచ్చాడు. నేను ఆ పూట అక్కడే ఉన్నాను.

"టీచరు గారూ, నా చేలో ఎవరో చేతబడి చేశారు. పదును ఆరిపోతంది. ఇయ్యాళ గింజ పడకపోతే మొలకెత్తదు. ఇదంతా మీ పరుగు వల్లే!"

ఆమె ఆ మలుపు దగ్గరికి వెళ్లింది. గట్టు మీద గుంపుగా నిలబడ్డ ఆడవాళ్లలో సగం మంది పేట వాళ్లే. ముందురోజు చర్చిలో అల్లెలూయా పాడినవాళ్లే. సిలువ మెడలో ఉంది, నిమ్మకాయ భయం గుండెలో ఉంది. నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకునే లోపల ఆమె వంగి, ఒక చెక్క తీసుకుని, మట్టి దులిపి, నోట్లో పెట్టుకుని చీకింది.

"పులుపు పోలేదే. ఒసేయ్, ఇది నిన్న నేను కోసిన కాయ. మీ ఆడబిడ్డ రెండు చెక్కలు మింగింది, బతికే ఉందా?"

"ఉందమ్మా. పొద్దున్నే నాతో పోట్లాడింది కూడా."

"మరి ఆ ఎర్ర గుడ్డో, టీచరమ్మా?"

"అది నా పాత లంగా! చేతబడి చేసేవాడికి నా లంగా ఎట్టా దొరుకుద్దే?"

గట్టు గట్టంతా నవ్వింది. అందరికంటే ముందు ఆ ఆడబిడ్డతో పోట్లాడినావిడే చేలోకి దిగింది.

కథ అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. పేట పెద్దలు ఆ సాయంత్రం ఆమె వాకిట్లో కూర్చున్నారు. చర్చి పెద్దాయన మెల్లగా అన్నాడు.

"అమ్మాయ్, ఆ నిమ్మచెక్కలు ఎందుకు ఏరించావు? ట్రాక్టరు డ్రైవరు ఆ మలుపు దగ్గరికి రానన్నాడంట. అట్టాగే వదిలేస్తే చాలు, ఇంకెవడూ డొంక దున్నడు. ఏటా నాలుగు నిమ్మకాయలు పడేద్దాం. ఖర్చెంత?"

ఆలోచన పదునైనదే. అర్జీలకు దొరకని డొంక నాలుగు నిమ్మకాయలకు దొరుకుతుంది. చాలామంది తలలూపారు. ఆమె మాత్రం విజిల్ పెదాల మధ్య పెట్టుకుని చర్చి పెద్దాయన వైపే చూసింది. తర్వాత తీసి చెప్పింది.

"వద్దు బాబాయ్. ఇయ్యాళ నిమ్మకాయకి భయపడినోళ్లు రేపు మన పెట్టెకీ భయపడతారు. దెయ్యాల డొంకని పేరు పడితే దున్నేవాడు రాడు, నిజమే. నడిచేవాడు కూడా రాడు. మనల్ని చూసి జనం పక్కకి తప్పుకుంటే ఎట్టా ఉంటుందో మనకి తెలవదా? మళ్లీ మనమే దాన్ని తెచ్చుకుంటామా?"

నిమ్మకాయల మాట అక్కడితో ఆగిపోయింది. నేను జీవితమంతా మూఢనమ్మకాన్ని కాయితం మీద తిట్టాను. దాన్ని తిట్టినందుకు నేను పోగొట్టుకున్నదేమీ లేదు. ఆమె పోగొట్టుకుంది. భయం పోయింది గనక, మరుసటేడు తొలకరికి ఆ ఆసామి మళ్లీ దున్నాడు. ఈసారి సాలు కాదు, సగం డొంక. దేవుణ్ణి నమ్మే ఆ టీచరు చేసినంత హేతువాదం నేను ఎన్నడూ చెయ్యలేదు.

ఆ ఏడు వానలకి వారం ఆలస్యమైన పరుగు మలుపు దగ్గరికొచ్చేసరికి డొంకలో పత్తి మొలకలు. కుర్రాళ్లు తొక్కేస్తామన్నారు. ఆమె ఊరుకోలేదు. "మొలకేం చేసిందిరా? వరసలో పోండి." అంతమందీ మిగిలిన బాట మీద ఒకరి వెనక ఒకరు పోవడానికి చాలాసేపు పట్టింది. ఆసామి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. అందరి వెనక వచ్చిన ఆమె అతని ముందు ఆగి, అప్పుడు ఊదింది విజిల్. నిండుగా, చెవులు చిల్లులు పడేట్టు.

"ఫౌల్!"

అతను ఉలిక్కిపడ్డాడు.

"ఎనిమిదో తరగతిలో లాంగ్‌జంప్ దూకేటప్పుడు గీత తొక్కేవాడివి. ఎన్నిసార్లు చెప్పాను? ఇప్పటికీ తొక్కుతూనే ఉన్నావు."

జనం పకపకా నవ్వారు. యాభై దాటిన మనిషి, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు, చేతులు వెనక్కి పెట్టుకుని పిల్లాడిలా నేల చూపులు చూశాడు.

"అందరి ముందు పరువు తీయొద్దు టీచరు గారూ."

"నేను తీయడం లేదయ్యా. వచ్చే ఏడు ఈ మలుపు దగ్గర నువ్వే నిలబడు. ఎటు పోవాలో చేత్తో చూపించు. చూపిస్తావా?"

ఊరి ముందు అడిగింది. కాదనలేకపోయాడు. మరుసటేడు ఎర్ర పీలిక చేతికి చుట్టుకుని, మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. ఇన్ని వందల కాళ్లకు ఇటు పొమ్మని చెయ్యి చాపిన మనిషి, మర్నాడు అదే చోట ట్రాక్టరు దింపడానికి మొహమాటపడ్డాడు. అయినా మారిపోయాడని రాయను. అప్పుడప్పుడూ ఒక సాలు జరిపేవాడు. ఆమె వెళ్లి గట్టు మీద నిలబడి విజిల్ పెదాల మధ్య పెట్టుకునేది. సాలు వెనక్కి జరిగేది. వాళ్లిద్దరి మధ్యా ఏళ్లపాటు నడిచిన వ్యవహారం ఇదే.

ఈ ఏడు ఎండలు ముదిరేటప్పటికి ఆమె గుంటూరులో ఆసుపత్రి మంచం మీద ఉంది. విజిల్ దారం సెలైను స్టాండుకి తగిలించి ఉంది. నన్ను చూడగానే అడిగింది.

"పదును పడిందా?"

"ఇంకా లేదండీ. మబ్బు పట్టింది."

"ఈసారి వెనక ఎవరుంటారు?"

"కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఎవరో ఒకరు..."

"అందరికీ ముందుండాలనే ఉంటుందండీ. వెనకుండమంటే మొహం మాడ్చుకుంటారు." నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "మీరుండండి. మీకెట్టాగూ వేగం లేదు."

నవ్వాను. ఉంటానన్నాను. కళ్లు మూసుకుని ఇంకేదో అంటుంటే వంగి విన్నాను. "ప్రార్థన చేసుకుంటున్నా. మీరు పిక్కలు చూసుకోండి." నాతో ఆమె చివరి మాట అది.

వాన పడిన మర్నాడు పోయింది. పరుగు పెట్టాల్సిన వారంలో పెట్టె లేచింది. నలుగురు కుర్రాళ్లు, అందరూ ఆమె తిట్లు తిన్నవాళ్లే, భుజాలకెత్తుకున్నారు. పేట దాటి డొంకలో అడుగు పెట్టగానే జనం ఒక పని చేశారు. ఎవరూ చెప్పలేదు, అలవాటు చొప్పున చేశారు. అందరూ పెట్టెను దాటి ముందుకు నడిచారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు కంగారుపడ్డారు.

"ఆగండమ్మా, పెట్టె ముందుండాలి. మనం వెనక నడవాలి."

మోకాళ్ల నొప్పుల ముసలమ్మ వెనక్కి తిరిగి చెప్పింది.

"ఆమె ఎప్పుడూ ఎనకే వచ్చుద్దయ్యా. నువ్వు రా."

పాస్టరు గారు బైబిలు మూసి ముసలమ్మ పక్కన నడిచారు. అందరి వెనక పెట్టె. పెట్టె వెనక నేను. మాట ఇచ్చాను కదా.

మలుపు దగ్గర ఆసామి నిలబడి ఉన్నాడు. మెడలో తువ్వాలు, చేతికి ఎర్ర పీలిక. చేను అంతా దుక్కి చేసి ఉంది, డొంక అంచు దాకా. అంచు దాటలేదు. ఇటు పొమ్మని చెయ్యి చాపి నిలబడ్డాడు. పెట్టె కింద భుజం మాత్రం పెట్టలేదు. అది కూడా రాయాలి గనక రాస్తున్నాను. మేం దాటిపోయాక వెనక్కి తిరిగి చూస్తే, చాపిన చెయ్యి ఇంకా దించలేదు. మొహం తువ్వాల్లో దాచుకున్నాడు.

పెట్టె మోసే నలుగురూ పక్కపక్కనే నడిచారు. రేగడి జారుతున్నా అడుగు పట్టడానికి చోటుంది. దొడ్డి గోడ దాకా నేను పాట వినలేదు, ఏడుపులు వినలేదు. పెట్టెకి చెవి ఒగ్గి నడిచాను. ఎక్కడా ఒరగలేదు. లోపల చిన్న చప్పుడు కూడా కాలేదు.

గోతి దగ్గర పాస్టరు గారు ఆమె పైనుంచి అన్నీ చూస్తోందన్నారు. ఆ మాట నమ్మగలిగితే బాగుండునని నా జీవితంలో మొదటిసారి అనిపించింది. నమ్మలేను. ఆమె ఏమీ చూడడం లేదు. ఆ చప్పుడు కాలేదన్న సంగతి ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సిన మనిషి ఆమె ఒక్కతే. దారి పొడుగునా విన్నది నేను ఒక్కణ్ణే. వెళ్లి చెప్పడానికి నాకు చోటు లేదు.